సలోమి గారి గాలిపెట్టె

ఏటా ఎండలు ముదరగానే కూలర్‌కి కొత్త వట్టివేళ్ళ తడికెలు కట్టిస్తాం. మొదటిసారి నీళ్ళు వదిలి ఫ్యాను వేయగానే ఇల్లంతా ఒక వాసన కమ్ముకుంటుంది. రాయపూర్‌లో ఏ ఇంట్లోనైనా ఆ నెలల్లో ఉండే వాసనే అది. తడిసిన మట్టికీ ఎండిన గడ్డికీ నడుమ ఎక్కడో ఉంటుంది. మా ఇంట్లో వాళ్ళకు అది ఎండాకాలం వచ్చిందన్న కబురు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే చాలు, వెడల్పాటి కాగితాల మీద వరసగా అచ్చయిన అంకెలు కళ్ళ ముందు కదులుతాయి. వాటి మీదకి వంగిన ఒక తల, కొప్పులో దోపుకున్న పెన్సిలు కనిపిస్తాయి. నిన్న మధ్యాహ్నం కూడా అదే జరిగింది. మా అమ్మాయి వచ్చి దేని గురించి ఆలోచిస్తున్నావని అడిగితే సలోమి గారి గురించి అన్నాను. ఆవిడెవరని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను కానీ మాటల్లో అది ముందుకూ వెనక్కీ పోయింది. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను ఎమ్మెస్సీ లెక్కలు పూర్తిచేసి, మా ఊరి ఇంజనీరింగ్ కాలేజీ ఒకదానిలో చిన్న తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం పక్క పల్లెనుంచి వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డ మనిషి. నేను చేరేనాటికి కాలేజీకి ఒకే ఒక కంప్యూటర్ ఉండేది. దానికి పెద్ద గది, ఆ గదికి నాలుగు వైపులా కూలర్లు. అధ్యాపకుల గదుల్లో పంఖాలు మాత్రమే తిరిగేవి కాబట్టి, మే నెలలో ఏదో ఒక పని కల్పించుకుని అందరూ ఆ గదికే వచ్చేవాళ్ళు. నేను చేరిన మొదటి వారంలో అక్కడ ఒకావిడ కూలర్ పక్కన నిలబడి ఉండడం చూశాను. గాలి కోసం కాదు. చేతిలో ఒక జానెడు దారం పట్టుకుని, దాన్ని గోడ మూల దగ్గర ఎత్తుతూ దించుతూ ఉంది. నన్ను చూసి, తెలుగు మొహమని ఎలా పోల్చుకుందో, నేరుగా తెలుగులోనే పిలిచింది.

"ఇటు రండి. ఈ దారం చూడండి. గాలి ఇటు కొడుతోంది కదా, ఈ మూలకొచ్చేసరికి దారం వెనక్కి ఊగుతోంది. ఎందుకంటారు?"

నాకు తెలియదన్నాను. "నాకూ సరిగ్గా తెలీదు," అంది, తెలియకపోవడం ఏదో మంచి వార్తయినట్టు. ఆవిడే సలోమి గారు. లెక్కల విభాగంలో తాత్కాలిక లెక్చరర్. నలభైకి దగ్గరపడ్డ మనిషి, పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళమ్మ నర్సాపురం వైపునుంచి నర్సుగా వచ్చి తిల్దాలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఉండిపోయింది. సలోమి గారు అక్కడి బియ్యం మిల్లుల మధ్యన పెరిగి, రోజూ పాసింజర్ బండిలో రాయపూర్ వచ్చి చదువుకుంది. ఉద్యోగం వచ్చాక కూడా ఆ బండి మానలేదు. కిటికీ పక్క సీటు దొరికితే మిల్లుల చిమ్నీల పొగ ఏ ఎత్తులో వంగుతుందో చూసుకుంటూ వచ్చేది. ఆ నెలలోనే నన్ను తన పనికి సహాయంగా వేయించుకుంది. 'మీరు' నుంచి 'నువ్వు'కి, వరలక్ష్మి నుంచి 'వరం'కి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆవిడ డాక్టరేట్ కోసం పట్టుకున్న సమస్య వినడానికి ఏమీ లేనట్టుంటుంది. అన్ని వైపులా మూసిన ఒక పెట్టె. లోపల గాలి తప్ప మరేమీ లేదు. అడుగున వేడి, పైన చలువ. లోపలి గాలి ఏం చేస్తుంది? మొదటిసారి నన్నిలా అడిగినప్పుడు, మూసిన పెట్టెలో గాలి ఏం చేస్తుంది, ఊరికే ఉంటుంది అన్నాను. ఆవిడ నవ్వి, పొయ్యి మీద పప్పు గిన్నె తలుచుకోమంది. అడుగున వేడెక్కినది తేలికై పైకి పోతుంది, పైన చల్లబడినది బరువై కిందికి దిగుతుంది, ఆ రెండూ ఒకదాన్నొకటి తప్పించుకోవాలి కాబట్టి గుండ్రంగా తిరుగుతాయి. ఆ తిరుగుడుకి మేము సుడి అని పేరు పెట్టుకున్నాం. వేడి మరీ తక్కువైతే గాలి కదలదు. ఒక హద్దు దాటగానే కదులుతుంది. ఎన్ని సుడులుగా తిరుగుతుంది, కిందినుంచి పైకి ఎంత వేడిని మోస్తుంది, ఇదీ లెక్క. కొలిమి గోడల మధ్య ఖాళీలు, చలిపెట్టె తలుపులు, ఇలాంటివన్నీ కట్టేవాళ్ళకు ఈ లెక్క కావాలి. కానీ ఆవిడ దాన్ని ఎవరికో కావాలని చెయ్యలేదు. కంటికి కనబడకుండా ఒక పెట్టెలో ఏదో జరుగుతూ ఉంది, అదేమిటో తెలియాలి. అంతే.

పని తీరు ఇలా ఉండేది. పెట్టెను కాగితం మీద చిన్నచిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి ఎంత వెచ్చగా ఉంది, ఎటు పోతోంది అన్నది పక్క గళ్ళను బట్టి లెక్కగట్టాలి. ఆ లెక్కను మళ్ళీ మళ్ళీ చేస్తూ పోతే అంకెలు క్రమంగా కుదుటపడతాయి. ఇక మారనప్పుడు అది జవాబు. నేను అట్టకార్డుల మీద రంధ్రాలు కొట్టి మెషినుకి ఇచ్చేదాన్ని. మర్నాడు కట్టలకొద్దీ కాగితాలు వచ్చేవి. వాటిని నేల మీద పరిచి, ఒకే అంకె ఉన్న చోట్లను రంగు పెన్సిలుతో కలుపుతూ పోవడం నా పని. మొదట్లో ముగ్గు పెడుతున్నట్టుండేది. గీత గీత కలిసి చివరకు లోపలి గాలి బొమ్మ తేలుతుంటే ఆకలి కూడా మరిచిపోయేదాన్ని. ఆవిడ ఎదురుగా కూర్చుని, "ఆగు, చెప్పకు. కుడివైపు తిరుగుతోందా?" అని ముందే ఊహించడానికి ప్రయత్నించేది. తప్పితే ఇంకా సంతోషపడేది.

చిక్కు వచ్చింది కూడా ఆ నేల మీదే. పొడవు ఎత్తుకు రెట్టింపు ఉన్న పెట్టెను ఆవిడ రకరకాల వాలుల్లో లెక్కగడుతూ ఉండేది. బాగా ఒరిగిన పెట్టెతో మొదలై, క్రమంగా తగ్గిస్తూ, చదునుగా ఉన్న పెట్టె దగ్గరికి రావడం. మెషిను సమయం తక్కువ దొరికేది కాబట్టి ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టకుండా, అంతకు ముందు వాలుకు వచ్చిన జవాబునే తరవాతి దానికి ఆరంభంగా ఇచ్చేది. అలా దిగుతూ దిగుతూ చదును పెట్టెకు వచ్చేసరికి నేను గీసిన బొమ్మలో ఒకే పెద్ద సుడి వచ్చింది. సరిచూసుకోవడానికి అదే చదును పెట్టెను కదలని గాలితో, ఊరికే చిన్న తాకిడి ఇచ్చి మొదలుపెట్టించింది. ఈసారి రెండు సుడులు, పక్కపక్కన, ఎదురెదురుగా తిరుగుతూ. అదే పెట్టె, అదే వేడి, అవే సమీకరణాలు. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి గడి గడినీ వేలితో పోల్చింది. పైకి చేరే వేడి కూడా రెండింటిలో ఒకటి కాదు. మర్నాటి నుంచి తప్పు ఎక్కడుందో వెతకడం మొదలైంది. కార్డులన్నీ మళ్ళీ చూశాం. గళ్ళు ఇంకా చిన్నవి చేశాం. అయినా రెండు జవాబులూ రెండుగానే నిలిచాయి.

ఆవిడ గైడు మిశ్రా గారు పెద్దవాడు, మర్యాదస్తుడు. విభాగంలో అందరి ముందూ సలోమి గారు ఈ రెండు బొమ్మలూ చూపించిన రోజు ఆయన చివరిదాకా ఓపికగా విన్నాడు. తరవాత మెల్లగా, "సలోమీజీ, ఏక్ సవాల్ కా ఏక్ హీ జవాబ్ హోతా హై," అన్నాడు. ఒక ప్రశ్నకు ఉండేది ఒకటే జవాబు. రెండు సుడుల జవాబు ఇదివరకు అందరూ ఒప్పుకున్నదే కాబట్టి అది ఉంచి, ఒక సుడిది మెషిను పుట్టించిన భ్రమగా తీసేసి, సిద్ధాంత గ్రంథం వెంటనే ఇచ్చేయమన్నాడు. ఆయన తొందరకు కారణం ఉంది. ఆవిడ ఉద్యోగం ఆ వర్షాకాలంలో పక్కా కాబోతోంది. అప్పటికి డాక్టరేట్ చేతిలో లేకపోతే ఆ స్థానం మరొకరికి పోతుంది. ఆయన ఆవిడ మేలు కోరే చెప్పాడు. మా విభాగంలో అందరూ ఆయన మాటే సబబన్నారు. నేను కూడా లోపల అదే అనుకున్నాను.

బయటకు వచ్చాక వరండాలో నడుస్తూ సలోమి గారు నాతో అన్న మాట మాత్రం నాకు అక్షరాలా గుర్తుంది. "అది తప్పయితే తప్పని తేలాలి, వరం. ఎవరో తప్పన్నారు కాబట్టి తప్పయిపోకూడదు. పెట్టెనే అడుగుదాం."

అలా పెట్టె కట్టడం మొదలైంది. అరచేతిలో ఇమిడేంత గాజు పెట్టె. ఎత్తు రెండు వేళ్ళు, పొడవు నాలుగు వేళ్ళు. అడుగున మా నాన్న తెచ్చి నున్నగా అరగదీసిన అల్యూమినియం రేకు, దాని కింద పాత ఇస్త్రీపెట్టె తీగ. పైన మంచునీళ్ళు పోసిన రేకు పళ్ళెం. లోపలి గాలి కనబడాలంటే పొగ కావాలి. అగరొత్తి పొగను సలోమి గారి అమ్మ ఇచ్చిన పాత గాజు సిరంజిలోకి లాగి, సన్నటి సూదితో పెట్టెలోకి నెమ్మదిగా వదిలేవాళ్ళం. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, అట్టలో సన్నటి చీలిక కోసి, దాని గుండా స్లైడ్ ప్రొజెక్టర్ వెలుతురును పంపేవాళ్ళం. మంచు కోసం గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న మంచు ఫ్యాక్టరీకి రిక్షాలో వెళ్ళేదాన్ని. అక్కడి ముసలాయన, "కతకా బరఫ్ చాహీ, దీదీ?" అని ఎంత మంచు కావాలో ఛత్తీస్‌గఢీలో అడిగి, పెళ్ళి ఎవరిదని కూడా అడిగేవాడు. పొగ చూడ్డానికని చెప్పలేక, అవును పెళ్ళే అనేదాన్ని.

ఒక ఆదివారం మా నాన్న తానే చూడటానికి వచ్చాడు. చీకటి గదిలో కళ్ళు చిట్లించి ఆ పెట్టెవైపు చూసి, "ఏటే అమ్మా ఇది. పొగ సూడ్డానికి ఇంత హంగామా ఏల? మన పొయ్యికాడ కూకుంటే అయిపోను," అన్నాడు. సలోమి గారు ఆయనకు కుర్చీ వేసి, పొయ్యి దగ్గర పొగకు వెళ్ళడానికి దారుందని, ఇక్కడ దారి లేదని, దారి లేనప్పుడు అది ఏం చేస్తుందో చూద్దామని చెప్పింది. ఆయన కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు, రేకు ఒక మూల వెచ్చదనం తక్కువగా ఉన్నట్టుంది, సరిచేసి పట్టుకొస్తానని ఊడదీసుకుని పోయాడు.

మొదట అంతా వైఫల్యమే. పొగ అతుకుల్లోంచి కారిపోయేది, లేకపోతే ముద్దగా కలిసిపోయేది. చేయి తిరిగాక ఒక రోజు, వెలుతురు చీలికలో, రెండు సుడులు స్పష్టంగా కనిపించాయి. నేను రంగు పెన్సిలుతో ఎన్నోసార్లు గీసిన బొమ్మ అచ్చంగా నా కళ్ళముందు నెమ్మదిగా తిరుగుతోంది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ చెప్పలేను. ఆవిడకు మాత్రం పూర్తి సంతోషం లేదు. ఎన్నిసార్లు చేసినా రెండే వస్తున్నాయి. ఒకటి ఒక్కసారైనా రాలేదు. వేడి పెంచాం, తగ్గించాం. రెండే. గ్రంథం ఇవ్వాల్సిన గడువు దగ్గరికొచ్చింది. మిశ్రా గారు కబురు మీద కబురు పంపుతున్నాడు. ఒక రోజు తిల్దా బండి ఎక్కించడానికి స్టేషనుకి వెళ్ళినప్పుడు, ఇక ఒప్పేసుకుందామా మేడమ్ అని అడిగాను. బండి కదిలింది. కిటికీలోంచి ఆవిడ మొహం చూస్తే అలసిపోయినట్టే ఉంది.

మర్నాడు పొద్దున ఆవిడ నాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పేలోపే మొదలుపెట్టింది. "మనం మెషినుకీ పెట్టెకీ ఒకే పని ఇచ్చామనుకున్నాం. ఇవ్వలేదు. మెషినులో ఒక సుడి ఎప్పుడొచ్చింది? ఒరిగిన పెట్టె నుంచి దిగినప్పుడు. ఈ గాజు పెట్టెను మాత్రం ప్రతిసారీ చదునుగా పెట్టే వేడిచేస్తున్నాం. అది ఎక్కడినుంచి మొదలైందో దానికీ ముఖ్యమేనేమో."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. పెట్టె ఒక వైపు కింద చెక్క పెట్టి ఒరగేసి వేడి మొదలుపెట్టాం. ఒరిగిన పెట్టెలో ఒకే సుడి రావడం వింత కాదు. వేడిగాలి ఎత్తుగా ఉన్న వైపు పాకి, చల్లబడి ఇటు దిగుతుంది. అది కుదుటపడేదాకా ఆగాం. తరవాత ఆవిడ చెక్కను కొద్దికొద్దిగా లాగుతూ వచ్చింది. ఒక్కో లాగుడుకీ మధ్య చాలాసేపు ఆగేది. నేను ఊపిరి కూడా పెట్టెమీద పడకుండా పక్కకు వదులుతున్నాను. చెక్క పూర్తిగా బయటకు వచ్చింది. పెట్టె చదునుగా ఉంది. రసమట్టం పెట్టి చూశాం. సుడి ఒక్కటే. విడిపోతుందేమోనని చూస్తూ ఉన్నాం. విడిపోలేదు. బయట గంట కొట్టారు, పిల్లలు తరగతులు మారుతున్న చప్పుడు వినబడింది, లోపల ఆ పొగ అలాగే ఒకటిగా, తీరుబడిగా తిరుగుతూనే ఉంది. సలోమి గారు కొప్పులోంచి పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "చూశావా, దానికి గుర్తుంది," అంది.

మిశ్రా గారిని పిలిచాం. ఆయన రెండు రకాలుగానూ చూశాడు. మళ్ళీ ఒరగేయమని, ఈసారి చెక్క తానే లాగాడు. మేము ఆగినంతసేపు ఆగలేదు. అయినా ఒకటే నిలిచింది. కళ్ళద్దాలు తుడుచుకుని, రెండూ రాయమన్నాడు. ప్రతి జవాబు పక్కన అది ఎక్కడ మొదలైందో కూడా రాయమన్నాడు. ఆ తరవాత ఆయన తన తరగతుల్లో కూడా ఈ పెట్టె గురించి చెప్పేవాడని విన్నాను.

కానీ అప్పటికి వానలు పడ్డాయి. గ్రంథం తిరగరాసి ఇచ్చేలోపు ఎంపిక జరిగిపోయింది. ఆ స్థానంలోకి వేరే అతను వచ్చాడు, మంచి అర్హతలున్నవాడే. సలోమి గారికి మరుసటి ఏడు డాక్టరేట్ వచ్చింది, ఉద్యోగం లేకుండా. కొన్నాళ్ళు ఇక్కడా అక్కడా అడిగి, చివరకు తిల్దాలోనే ఒక బడిలో లెక్కల టీచరుగా చేరింది. గాజు పెట్టెను పాత చీరలో చుట్టి తనతో తీసుకెళ్ళింది. నేను కోపంతో ఉడికిపోయాను. ఎవరి మీద కోపపడాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ ఆవిడకు అన్యాయం చెయ్యలేదు. ఆవిడకు ఇంకో దారి ఉండింది, దాన్ని ఆవిడే కాదనుకుంది.

కొన్నేళ్ళకు, నేను కూడా కాలేజీలో పాఠాలు చెప్పే స్థితికి వచ్చాక, ఒక శనివారం తిల్దా వెళ్ళాను. బడి వరండాలో ఎనిమిదో తరగతి పిల్లలు పెట్టె చుట్టూ తోసుకుంటున్నారు. ఆవిడ వాళ్ళను హిందీలో, "ఇప్పుడు ఎటు తిరుగుతుందో ముందే చెప్పండి," అని అడుగుతోంది. తప్పు చెప్పిన పిల్లవాడికి ఎక్కువసేపు చూసే అవకాశం ఇచ్చింది. పిల్లలు వెళ్ళాక నేను అడగాలనుకుని చాలాకాలంగా అడగలేకపోయింది అడిగేశాను. బాధగా లేదా మేడమ్ అని.

"లేదంటే అబద్ధం," అంది. "ఆ మెషిను గది గుర్తొస్తుంది. మళ్ళీ ఒక్కసారి ఆ కాగితాలు పరుచుకుని కూర్చుందామనిపిస్తుంది. కానీ ఆ ఒక్క సుడినీ కొట్టేసి ఆ కుర్చీలో కూర్చునుంటే, అది ఉందో లేదో అని రోజూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఉందని తెలుసు కదా." పిల్లల నోటుపుస్తకాలు సర్దుతూ, మామూలు మాటలాగే ఇంకోటి అంది. "రెండు నిలబడ్డాయి. ఒకటి నిలబడింది. మరి మూడు ఎందుకు నిలబడలేదు వరం? అసలు లేవంటావా, మనం సరైన చోట మొదలుపెట్టలేదంటావా?"

కొత్త మెషిన్లు వస్తున్నాయి కాబట్టి ప్రయత్నిస్తానన్నాను. "తొందరేం లేదు. వదిలెయ్యకు మాత్రం," అంది. స్టేషను దాకా నాతో నడిచి, బండి వచ్చేలోపు ప్లాట్‌ఫారం మీద టీ కాచే పొయ్యి పొగ వైపు చూస్తూ నిలబడింది.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రం కావడానికి ముందు ఏడు ఆవిడ జబ్బుచేసి పోయింది. సమాధి దగ్గర నాకు తెలిసిన మొహాలు కొన్నే. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, బళ్ళో టీచర్లయినవాళ్ళు, చాలామంది వచ్చారు. మట్టి వేశాక ఒకతను నన్ను పక్కకు పిలిచి, మీరు ఆ పెట్టె కట్టిన వరం గారా అని అడిగాడు.

ఇప్పుడు నా దగ్గర బల్లమీద పట్టే కంప్యూటర్ ఉంది. మేము వారాల తరబడి చేసిన లెక్కను అది నేను టీ కాచుకునేలోపు చేసేస్తుంది. దానికి మూడు సుడులు ఇచ్చి మొదలుపెడతాను. కొంతసేపు మూడూ చక్కగా తిరుగుతాయి. తరవాత నడిమిది సన్నబడుతుంది, పక్కవి దాన్ని మెల్లగా మింగి ఒకటిగా కలిసిపోతాయి. ఆరంభం కాస్త మార్చి మళ్ళీ వేస్తాను. ఎన్నిసార్లు చేశానో లెక్క పెట్టుకోలేదు. ఇందులో ఎవరికీ ఏ ప్రయోజనమూ లేదని నాకు తెలుసు. పోయిన నెల ఒక ఆరంభంతో మూడు సుడులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాయి. దీపాలు పెట్టే వేళకు నడిమిది మళ్ళీ సన్నబడింది. అది ఎందుకు అంతసేపు నిలబడిందో తెలియదు. నిన్న ఇంకో చోటు నుంచి మొదలుపెట్టాను. ఇది రాస్తుంటే పక్క గదిలో నడుస్తూనే ఉంది.